రెండింట్లో ఏదైనా సరే

మార్చి 3, సోమవారం

అక్క రొమ్ములోంచి తీసిన గడ్డ ఇవాళ నా బల్ల మీదికి వచ్చింది. వస్తుందని తెలుసు. గురువారం ఆపరేషన్ అయింది. ఈ ఆసుపత్రిలో ఎవరి ఒంట్లోంచి ఏం తీసినా చివరికి మా ల్యాబుకే రావాలి. మైనంలో బిగించిన చిన్న చిన్న బ్లాకులు, అన్నిటి మీదా ఒకటే నంబరు. పేరు ఉండదు. పద్నాలుగేళ్ళుగా ఈ ఉద్యోగంలో నాకు నచ్చింది అదొక్కటే. ఎవరిదో తెలియకపోతే చెయ్యి వణకదు.

సొంతవాళ్ళవి వస్తే ముట్టుకోకూడదని మా దగ్గర నియమం. పెన్సిల్ మేడమ్‌తో చెప్పి పక్కకు తప్పుకోవాలి. మా డాక్టరుకి నేను పెట్టిన పేరు అది. జుట్టు ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిల్ గుచ్చి ఉంటుంది.

చెప్పలేదు. మైక్రోస్కోపు కింద పెట్టడానికి బ్లాకుని నా అంత పల్చని పొరలుగా కోసేవాళ్ళు మా గదిలో ఇంకెవరున్నారు? పక్క బల్ల మహానుభావుడు కోస్తే ఉతికి పిండిన దుప్పటిలా అన్నీ మడతలే. అక్కది తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టాలా? ఆ నంబరు ఎవరిదో రిజిస్టర్లో చూసుకున్నానని ఎవరికీ తెలియదు. రేపు చెప్తాను.

మార్చి 4, మంగళవారం

చెప్పలేదు.

మార్చి 5, బుధవారం

సాయంత్రం కిందికి వెళ్ళాను. కింద అక్కా బావా, పైన గదిలో నేను. నా సంసారం మూడేళ్ళకే ముగిసినప్పుడు, "పైన గది ఖాళీగా ఉంది, ఏడుపు మెట్ల దగ్గర వదిలేసి రా" అంది అక్క. అప్పటి నుంచీ ఇక్కడే.

సోఫాలో పడుకుని టీవీ వాళ్ళని తిడుతోంది. కుట్లు లాగుతున్నాయట. నన్ను చూడగానే లేచి కూర్చుంది.

"ఏమే, మీ ల్యాబులో నాదింకా నానబెడుతున్నారా?"

"నానబెట్టడం అయిపోయింది. కొయ్యడం అయిపోయింది. ఇంకొక్క పరీక్ష ఉంది."

"ఇంకోటా? సూదితో తీసినప్పుడు హార్మోన్లని ఏదో చెప్పారుగా."

చెప్పాల్సి వచ్చింది. గడ్డ రకం ముందే తెలిసింది, హార్మోన్ల మాత్రలకు లొంగే రకమే, మంచిదే. చంకలోకి పాకలేదు, అదీ మంచిదే. ఇక తెలియాల్సింది అది ఎంత జోరుగా పెరుగుతోందని. విడిపోవడానికి సిద్ధమైన కణాలు మా రంగు వేస్తే గోధుమ రంగులోకి తిరుగుతాయి, ఊరికే ఉన్నవి నీలంగా ఉంటాయి. వందలో ఎన్ని గోధుమ రంగువో లెక్కపెట్టడమే పరీక్ష. కేఐ-67 అంటారు.

"అంటే వంద బళ్ళలో ఎన్ని ఇంజన్ ఆన్ చేసున్నాయో చూడ్డం," అంది అక్క. పాతికేళ్ళుగా జనానికి కారు నేర్పి నేర్పి దానికి లోకమంతా ట్రాఫిక్కులా కనిపిస్తుంది.

"అంతే."

"తక్కువుంటే?"

"మాత్రలూ, రేడియేషనూ చాలు. కీమో అక్కర్లేదు."

"ఎక్కువుంటే?"

వంటింట్లో బావ చేతిలో గిన్నె చప్పుడు ఆగింది.

"కీమో ఇస్తారు," అన్నాను.

"దాంతో కాళ్ళు మొద్దుబారతాయటగా? నా దగ్గర నేర్చుకునే ఒకావిడ చెప్పింది. వాళ్ళమ్మకి చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదట." అక్క తన కుడికాలు పైకెత్తి చూసుకుంది. "నా వైపు కూడా బ్రేకుంది కాబట్టే ఈ రోడ్ల మీద జనం బతికి ఉన్నారు. అది కంటితో తొక్కేది కాదు, అరికాలితో తొక్కేది. జుట్టు ఊడితే ఊడనీ, టోపీ పెట్టుకుంటా. కాళ్ళు పోతే నేను దేనికి?"

"అందరికీ అలా అవ్వదక్కా."

"నాకు అవ్వదని రాసిస్తావా?"

రాసివ్వలేను. కాఫీ తాగి పైకి వచ్చేశాను.

మార్చి 6, గురువారం

మామూలు రంగు వేసిన స్లైడ్లు ముందు నేనే చూశాను. రంగు సరిగ్గా పట్టిందో లేదో చూడడం నా పనే కదా. రెండో బ్లాకు గడ్డ అంచు నుంచి తీసింది. ఐదోది మధ్య నుంచి. రెండూ రెండు ఊళ్ళలా ఉన్నాయి. ఐదో దాంట్లో సగం పీచే. కణాలు విడివిడిగా, ఎవరి మానాన అవి ఉన్నాయి. రెండో దాంట్లో

డాక్టర్ని కాను. నాకేం తెలుసు?

మధ్యాహ్నం పెన్సిల్ మేడమ్ స్లైడ్లు చూసేసి, ఫోన్ భుజానికి ఆనించుకుని మాట్లాడుతూనే నావైపు చీటీ తోసింది. "కేఐ-67కి రెండు, ఐదు, రెండూ పనికొస్తాయి. రెండింట్లో ఏదైనా సరే, నీకు ఏది వీలైతే అది పెట్టెయ్." ఎప్పుడూ అలాగే అంటుంది. ఏ బ్లాకు బాగా కోతకు వస్తుందో నాకే బాగా తెలుసని ఆవిడ నమ్మకం. ఎప్పుడూ నేనే ఎంచుతాను.

ఐదోది పెట్టాను. మైనం గట్టిగా ఉంది, అంచులు చెదరలేదు, చక్కగా కోతకు వచ్చింది.

మార్చి 7, శుక్రవారం

ఐదోది నిజంగానే చక్కగా వచ్చింది. ఒక్క మడత లేదు.

మార్చి 10, సోమవారం

తొమ్మిది శాతం. మేడమ్ సంతకంతో రిపోర్టు వెళ్ళిపోయింది.

మార్చి 12, బుధవారం

అక్కతో పాటు క్యాన్సర్ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కొత్తగా ఉతికిన చొక్కా వేసుకుని బావ కూడా. డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, "అన్నీ మీ వైపే ఉన్నాయండీ. వేగం తక్కువ. కీమో అక్కర్లేదు," అన్నాడు. బావ అక్కడే కళ్ళు తుడుచుకున్నాడు. నలుగురిలో పెద్దగా నవ్వినా సిగ్గుపడే మనిషి.

కారిడార్లోకి రాగానే అక్క కుట్లున్న సంగతి కూడా మరిచిపోయి గెంతింది. మొదటిసారి లైసెన్సు చేతికొచ్చిన కాలేజీ పిల్లలా గెంతింది. నా రెండు బుగ్గలూ పట్టుకుని పిండేసింది. "నీ చేత్తో కోశావు చూడు, అందుకే మంచిగా వచ్చింది!"

నంబరు సంగతి దానికి నేనే చెప్పానట. ఎప్పుడు చెప్పానో గుర్తులేదు. చెప్పే ఉంటాను.

నాకూ సంతోషంగానే ఉంది. ఎందుకుండదు?

మార్చి 13, గురువారం

అన్నం సయించలేదు. వేడి చేసి ఉంటుంది.

మార్చి 14, శుక్రవారం

ఇవాళ రెండో బ్లాక్కి కూడా రంగు వేశాను. కొత్త మందు సీసా తెరిచాం. కొత్త సీసా తెరిచినప్పుడు ఏదో ఒక పాత బ్లాకు మీద సరిచూసుకోవాలి. అందుకని అది తీశాను. వేరే బ్లాకులు లేవా అంటే ఉన్నాయి. అది చేతికి దగ్గరగా ఉంది.

అందరూ భోజనానికి వెళ్ళాక మైక్రోస్కోపు కింద పెట్టాను.

అంచంతా గోధుమ రంగే.

నొక్కితే ఒక్కో అంకె పెరిగే మీట పట్టుకుని ఐదు వందల కణాలు లెక్కపెట్టాను. నూట డెబ్బై. ముప్పై నాలుగు శాతం. తెల్ల రక్తకణాలు కూడా గోధుమ రంగులోనే కనిపిస్తాయి, వాటినీ కలిపేసి ఉంటాను. మళ్ళీ లెక్కపెట్టాను, చిన్నవి కనబడితే వదిలేస్తూ. ముప్పై ఒకటి. అక్కడ కాదని పక్కకు జరిగి ఇంకోసారి. ముప్పై ఆరు.

స్లైడు నా డ్రాయర్లో ఉంది. తాళం వేశాను.

మార్చి 15, శనివారం

ఒకే గడ్డలో చోటు మారితే అంకె మారడం మామూలే. పుస్తకాల్లో కూడా ఉంది. సగటు తీస్తే తొమ్మిదికీ ముప్పై నాలుగుకీ మధ్య ఇరవై ఒకటి, ఇరవై రెండు. అది అటూ ఇటూ కాని అంకె. అలాంటి అంకె వస్తే డాక్టర్లలోనే ఒకరు కీమో అంటారు, ఇంకొకరు వద్దంటారు. వాళ్ళకే తెలియనిది నాకెలా తెలుస్తుంది?

మార్చి 16, ఆదివారం

అక్క పాటలు పాడుతూ కారు కడిగింది. బకెట్ బావ చేత మోయించింది. నన్నూ పిలిచింది, తలనొప్పి అన్నాను.

మార్చి 17, సోమవారం

సగటు తియ్యరు. మేడమ్ ఎప్పుడూ అంచునే లెక్కపెడుతుంది. గడ్డ పెరిగేది అంచు నుంచే. ఆ సంగతి నాకు తెలుసు. ఆరో తేదీనే తెలుసు.

రాసేశాను. ఈ పేజీ చింపను.

మార్చి 19, బుధవారం

రేడియేషన్‌కి తేదీ ఇచ్చారు. మాత్రలు మొదలయ్యాయి. అక్క కొత్త బ్యాచ్‌కి పేర్లు రాసుకుంటోంది; వచ్చే నెల నుంచి ఆరుగురు. పొద్దున్న మెట్ల మీద ఎదురై, "ఏంటే మొహం అలా పీక్కుపోయింది? జబ్బు నాకా నీకా?" అంది. నవ్వాను.

కాలు కాలిన పిల్లిలా గదిలో తిరుగుతున్నాను. ఈ గది ఈ మూల నుంచి ఆ మూలకి పదకొండు అడుగులు.

చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాకపోవచ్చు. చాలామందికి మాత్రలతోనే సరిపోతుంది. అక్క కాళ్ళు అక్కకి ఉంటాయి, బావ కొత్త చొక్కా కొనుక్కుంటాడు, నేను మామూలుగా ఇంకొకరి గడ్డ కోసుకుంటూ ఉంటాను. రెండేళ్ళు. మూడేళ్ళు. ఆ తర్వాత ఒక రోజు అక్క నడుము నొప్పి అంటుంది, సీట్లో కూర్చుని కూర్చుని వచ్చిందేలే అంటాడు బావ. ఎముకల్లోకి పాకిందని నాకు మాత్రం తెలుస్తుంది. దాని ఎముక ముక్క నా బల్ల మీదికి వస్తుంది. నంబరుతో.

మార్చి 21, శుక్రవారం

చెప్తే నా ఉద్యోగం పోతుందని భయపడుతున్నానా? పడుతున్నాను. కానీ అది చిన్న భయం. ఎన్ని సార్లు తూచినా చిన్నదే.

మార్చి 23, ఆదివారం

బావ పైకి వచ్చాడు. ఫ్యాన్ రెగ్యులేటర్ పాడైందని రెండు నెలల క్రితం చెప్పాను. ఊరంతా కరెంటు పని చేస్తాడు, ఇంట్లోది మాత్రం ఎప్పటికీ రేపే. స్టూలెక్కి స్క్రూలు విప్పుతూ, "మరదలా, ఒక మాట," అన్నాడు.

"ఏంటి బావా?"

"మీ అక్క ఆ రోజు రిపోర్టు రాకముందు నాతో ఒక మాటంది. కీమో పడితే పడుతుంది, చేయించుకుంటానంది. కాళ్ళు పోయినా నువ్వున్నావుగా, చెల్లి ఉందిగా అంది. నీకు చెప్పొద్దంది, నువ్వు ఏడుస్తావని." ఒక స్క్రూ నోట్లో పెట్టుకున్నాడు. "ఇప్పుడు అక్కర్లేదుగా, అందుకని చెప్తున్నా."

అక్క భయపడి పారిపోతుందేమోనని అనుకున్నాను. దాని బదులు నేనే పారిపోయాను, అది వెళ్దామని తయారై కూర్చుని ఉండగానే.

ఫ్యాన్ తిరుగుతోంది.

మార్చి 24, సోమవారం

తొమ్మిదింటికే మేడమ్ గదికి వెళ్ళాను. స్లైడు ఆవిడ ముందు పెట్టాను.

"మేడమ్, ఈ నంబరు మా అక్కది."

ముడిలోంచి పెన్సిల్ తీసి బల్ల మీద పెట్టింది. "ఎప్పటి నుంచి తెలుసు?"

"మొదటి రోజు నుంచి."

"ఐదోది ఎందుకు పెట్టావు?"

మైనం గట్టిగా ఉందని, అంచులు చెదరలేదని, అన్నీ నోటిదాకా వచ్చాయి. "రెండోది చూసి భయపడి," అన్నాను.

ఆవిడ స్లైడు పెట్టుకుని లెక్కపెట్టడం మొదలెట్టింది. అరగంట పట్టింది. నేను గోడకి ఆనుకుని నిలబడే ఉన్నాను. కూర్చోమనలేదు.

"ముప్పై మూడు."

"నాకు ముప్పై నాలుగు వచ్చింది," అన్నాను.

"సంబరంగా ఉందా?"

తల దించుకున్నాను.

"నా సంతకంతో వెళ్ళింది ఆ తొమ్మిది. అది తెలుస్తోందా నీకు?" కళ్ళజోడు తీసి కళ్ళు నొక్కుకుంది. "మామూలు రంగు స్లైడ్లు రెండూ నేను కూడా చూశాను. ఏదైనా సరే అని చీటీ తోసింది నేను. అంచుది పెట్టు అని ఒక్క మాట అనడానికి నాకేం రోగం? పద్నాలుగేళ్ళు నీ చెయ్యి బాగుందని నా కళ్ళు మూసుకున్నాను." ఫోన్ అందుకుంది. "ముందు వాళ్ళ డాక్టరుకి చెప్పనీ. నీ సంగతి తర్వాత."

నా సంగతి మధ్యాహ్నానికి తేలింది. విచారణ అయ్యేదాకా కత్తి పట్టుకోకూడదు. పాత బ్లాకులు సర్దే గదిలో కూర్చోవాలి. బ్లాకు ఎంచేది ఇకనుంచి ఎప్పటికీ డాక్టరే, రాతపూర్వకంగా.

రేపు అక్కకి ఫోన్ చేసి రమ్మంటామన్నారు. ఈ ఒక్క సాయంత్రం మాత్రం నాకు వదలమన్నాను.

అదే రోజు, సాయంత్రం

ఇంకా చీకటి పడలేదు. అక్క కారు పక్కన నిలబడి ఎవరికో ఫోన్లో క్లాసు టైము చెప్తోంది. పెట్టేదాకా ఆగాను. చెప్పాను. ఎక్కడా ఆపకుండా, ఐదో బ్లాకు దగ్గర నుంచి మేడమ్ గది దాకా.

అక్క కారు తలుపు తెరిచింది, మూసింది.

"ముప్పై నాలుగా?"

"మేడమ్ ముప్పై మూడంటోంది."

"ఒకటి తగ్గిందని పండగ చేసుకోనా?" గొంతు పెద్దదైంది. బావ గుమ్మంలోకి వచ్చాడు. "ఒకటి చెప్పు. నాకు భయం వెయ్యకూడదని చేశావా? నీకు భయం వెయ్యకూడదని చేశావా?"

"నాకే."

"ఆ కారిడార్లో నేను గెంతుతుంటే చూస్తూ నిలబడ్డావు."

"అప్పటికింకా నేను లెక్కపెట్టలేదక్కా."

"తెలీదా నీకు?"

"తెలుసు."

"పన్నెండు రోజులు," అంది అక్క. "పన్నెండు రోజులు నాకు దొంగ సంతోషం పెట్టావు. తిన్నాను కూడా. ఎంత బావుందో తెలుసా?" గట్టిగా ఏడ్చేసింది. నేను దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "పైకి వెళ్ళు. నేను పిలిచేదాకా దిగకు."

మార్చి 27, గురువారం

డాక్టరు దగ్గరికి వాళ్ళిద్దరే వెళ్ళారు. అక్కడ ఏం జరిగిందో బావ మెట్ల మీద నిలబడి గుసగుసగా చెప్పాడు. పన్నెండు వారాలు, వారానికొకటి. ఆలస్యమేమీ కాలేదట, ఇంకా టైమ్‌లోనే ఉన్నామట. జోరుగా పెరిగేవి మళ్ళీ వచ్చే భయం ఎక్కువే, కానీ మందు ఎక్కువగా పట్టుకునేదీ జోరుగా విడిపోయేవాటినేనట.

"మీ అక్కేమందో తెలుసా? 'అంతేలెండి, స్పీడుగా పోయేవాడే కెమెరాకి దొరుకుతాడు' అంది. డాక్టరు నవ్వాడు. తనూ నవ్వింది."

"నా గురించి ఏమైనా అందా?"

బావ చేతిలోని టార్చి వెలిగించి ఆర్పాడు. "అనలేదు."

ఏప్రిల్ 3, గురువారం

మొదటి డోసు. కిటికీలోంచి కారు వెళ్ళడం చూశాను. బావ నడిపాడు. అక్క పక్క సీట్లో కూర్చుంది, పాదాలు ఆ రెండో బ్రేకు మీదే ఉండి ఉంటాయి.

ఏప్రిల్ 10

రెండోది.

ఏప్రిల్ 17

మూడు. కింద నుంచి వాంతి చప్పుడు. దిగబోయి మూడో మెట్టు మీద కూర్చున్నాను. పిలవలేదు.

ఏప్రిల్ 29, మంగళవారం

విచారణలో ఉద్యోగం మిగిలింది. హెచ్చరిక కాగితం ఇచ్చారు. మేడమ్‌కి కూడా ఇచ్చారట, తనే అడిగి రాయించుకుందని పక్క బల్ల అతను చెప్పాడు. కత్తి మళ్ళీ ఇచ్చారు. మొదటి బ్లాకు కోస్తే మడతలు పడ్డాయి. అతను చూసి, తన బ్లాకు వైపు తిరిగిపోయాడు. అతన్ని మహానుభావుడని ఇక అనను.

మే 4, ఆదివారం

"ఏయ్!"

కింద నుంచి. చేతిలో గ్లాసు సింకులో పడేసి దిగాను.

అక్క సోఫాలో ఉంది, తలకి బావ మఫ్లరు. కాళ్ళు స్టూలు మీద చాపుకుంది. చిక్కిపోయింది. ఎంత చిక్కిపోయిందో పైనుంచి తెలియలేదు.

"పైన ఆ మూల నుంచి ఈ మూలకి రోజంతా ఆ నడకేంటే? సీలింగు నా నెత్తి మీద పడేలా ఉంది. కూర్చో."

కూర్చున్నాను.

"నా కోపం పోలేదు."

"సరే."

"పోయిందని ఎప్పుడైనా నేనే చెప్తా. నువ్వు అడక్కు. ఇప్పుడు పని చెప్తా విను. నేను కళ్ళు మూసుకుంటే ఎవరైనా ఒక్కో కాలివేలూ ముట్టుకోవాలి, ఏ వేలో నేను చెప్పాలి. వారం వారం చూసి రాయమంది నర్సు. స్పర్శ తగ్గితే వెంటనే చెప్పాలిట, మందు తగ్గించడమో ఆపడమో చూస్తారు, ఎంత ముందు తెలిస్తే కాళ్ళు అంత మిగులుతాయిట. మీ బావకి పెడితే నేను తప్పు చెప్పినా 'కరెక్టే' అంటున్నాడు."

బావ పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

"నువ్వు చూడు. ఉన్నదున్నట్టు చెప్పు. చెప్పలేకపోతే ఇప్పుడే పైకి పో."

ముట్టుకున్నాను. వేళ్ళు చల్లగా ఉన్నాయి. పదీ సరిగ్గా చెప్పింది. పది అని తారీకు వేసి రాశాను.

మే 11

పది.

మే 18

పది. చిటికెన వేలు కాస్త ఆలోచించి చెప్పింది. "ఆలోచించి" అని కూడా రాశాను. అది చదివి అక్క, "దీన్నీ రాయాలా?" అంది. రాయాలన్నాను. మూతి ముడిచింది, కొట్టెయ్యమనలేదు.

మే 25, ఆదివారం

అక్క ఇవాళ హుషారుగా ఉంది. ఇంకా నాలుగే మిగిలాయి. కొత్త బ్యాచ్‌కి ఫోన్లు చేసింది, ఆగస్టు నుంచి రమ్మంది. తర్వాత కాళ్ళు చాపి కళ్ళు మూసుకుని, "కానీ," అంది.

ఎడమకాలి బొటనవేలు నుంచి మొదలుపెట్టాను. బొటనవేలు, చెప్పింది. దాని పక్కది, చెప్పింది. నడిమిది, చెప్పింది. నాలుగోది చెప్పింది.

చిటికెన వేలు ముట్టుకున్నాను.

అక్క కళ్ళు మూసుకునే ఉంది. మొహం మీద చిన్న నవ్వు. ఎదురుచూస్తోంది. నేను కొంచెం గట్టిగా నొక్కాను. గోరు చుట్టూ తెల్లబడేదాకా నొక్కాను.

"ఏంటే, నిద్రపోయావా? ముట్టుకో."

బావ పేపరు దించాడు. నావైపు చూశాడు. ఏం చెప్పమంటున్నాడో ఆ చూపులోనే ఉంది.

"ముట్టుకునే ఉన్నానక్కా," అన్నాను.